బండికేమైంది సార్?

(తిరుపతిలో బడి టీచర్ల కోసం ఏర్పాటు చేసిన మూడు రోజుల బోధనోపకరణాల వర్క్‌షాప్‌లో మొదటి రోజు ఉదయం మాట్లాడినది. ఫోన్‌లో రికార్డు చేసినదాన్ని విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. నేను ముప్పై ఏళ్ళు పాలిటెక్నిక్ వర్క్‌షాప్‌లో లేత్ మిషన్ల మోతలో గొంతెత్తి పాఠం చెప్పినవాణ్ణి, మైకు లేకపోయినా ఇబ్బంది లేదు.

నిన్న సాయంత్రం మా పక్కింటాయనతో, రేపట్నుంచి మూడు రోజులు వర్క్‌షాప్ ఉందబ్బా, పొద్దున్నే బయల్దేరాల అన్నాను. ఆయన వెంటనే గేటు పక్కనున్న నా స్కూటర్ వైపు చూసి, "బండికేమైంది సార్? మొన్ననే కదా ఆయిల్ మార్పించినారు. మూడు రోజులు పెట్టుకుంటారంటనా? మా తమ్ముడి అంగట్లో ఇయ్యండి, సాయంత్రానికి చేసిస్తాడు" అన్నాడు. బండి బాగానే ఉందని, ఇది టీచర్ల వర్క్‌షాప్ అని చెప్పేసి లోపలికి వచ్చేశాను గానీ, ఆ రాత్రి అదే మాట బుర్రలో తిరిగింది. ఎందుకంటే ఆయన అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు. మన ఊళ్ళో వర్క్‌షాప్ అంటే ముందు గుర్తొచ్చేది బండే. శెట్టిపల్లి వైపు ఉండేవాళ్ళకైతే రైలు పెట్టె గుర్తొస్తుంది, అక్కడ క్యారేజీ రిపేర్ షాప్ ఉంది కాబట్టి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అమ్మాయి "వర్క్‌షాప్‌లో ఉన్నా నాన్నా, తర్వాత చేస్తా" అంటే అది ఏసీ గదిలో గోడ నిండా రంగు చీటీలు అంటించుకుని క్లయింటుతో కూర్చోవడం. సినిమావాళ్ళకు షూటింగుకు ముందు నటులతో చేయించే రిహార్సల్ వర్క్‌షాప్. ఇంజనీరింగ్ పిల్లలకు మొదటి ఏడాది ల్యాబు. మీకేమో డ్యూటీ మీద వచ్చిన మూడు రోజులు. ఇన్ని పనులకు ఒకే మాట ఎట్లా సరిపోయింది, అసలు సరిపోయిందా, అదే ఈ పూట మీతో మాట్లాడదామనుకున్నాను.

ఇంగ్లీషులో ఈ మాట పదహారో శతాబ్దం నుంచీ కనబడుతుంది. అందులో షాప్ అన్నదానికి పాత అర్థం కొట్టం, పందిరి లాంటిది. కుండలు చేసేవాడు అక్కడే చేసి అక్కడే అమ్మేవాడు, చెప్పులు కుట్టేవాడు అక్కడే కుట్టి అక్కడే అమ్మేవాడు. చేసే చోటు, అమ్మే చోటు అని రెండు లేవు. మనకు ఇప్పటికీ టైలర్ అంగడి అట్లాగే ఉంది చూడండి, ముందర కౌంటర్, వెనక మిషను, మధ్యలో ఒక కర్టెన్. కంసాలి అంగడీ అంతే. తర్వాత తర్వాత షాప్ అంటే అమ్మే చోటుగా స్థిరపడింది, పని జరిగే చోటుకు ముందర వర్క్ తగిలించుకోవాల్సి వచ్చింది. అమెరికాలో మాత్రం ఇప్పటికీ బళ్ళో చెక్కపని, ఇనుపపని నేర్పే క్లాసును షాప్ అనే అంటారు. రైల్వేలో కూడా ఆ పాత అర్థం బతికే ఉంది, వీల్ షాప్, పెయింట్ షాప్ అంటారు, అక్కడ ఎవరూ ఏమీ అమ్మరు.

ఇంక మన భాష సంగతికి వస్తాను, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

మన పల్లెల్లో వర్క్‌షాప్‌కు సాధారణమైన మాట అంటూ ఒకటి లేదు. అంటే వర్క్‌షాప్‌లు లేవని కాదు, ప్రతి ఊళ్ళో నాలుగైదు ఉండేవి. కానీ వాటిని పని పేరుతో పిలవలేదు, అక్కడున్న వస్తువు పేరుతో పిలిచారు. కొడవలికి కక్కు పెట్టించాలంటే కొలిమి కాడికి పోతాం. కమ్మరి లేకపోయినా, ఆ పూట నిప్పు లేకపోయినా ఆ చోటు కొలిమే. చెరకు కొట్టి బెల్లం వండేది గానుగ కాడ. చిత్తూరు చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు గానుగ అంటే ఆ యంత్రం ఒక్కటే కాదు, పెనం, పొయ్యి, ఎండిన చెరకు పిప్పి కుప్ప, పాకం వాసన, చిన్నపిల్లలు చేతిలో ఆకు పట్టుకుని వేడి బెల్లం కోసం నిలబడే ఆ చోటంతా. చేనేతవాళ్ళ ఇంట్లో మగ్గం గుంట. పాలమనేరు కుమ్మరులకు సారె. కరెంటు వచ్చాక కూడా మనం ఈ అలవాటు మానుకోలేదు, పిండి పట్టించుకురావడానికి "మిషనుకు పోయొస్తా" అంటాం, ఏ మిషను అని ఎవరూ అడగరు. లారీలు, బస్సులు వచ్చాక షెడ్డు వచ్చింది, బండి షెడ్డులో ఉంది అంటే రిపేరుకు ఇచ్చినట్టు. తిరుమల గుడిలో లడ్డూలు, ప్రసాదాలు చేసే చోటును పోటు అంటారని మీ అందరికీ తెలుసు. పోటుకు తనదైన కొలత ఉంది, ఏ సరుకు ఎంత వెయ్యాలో చెప్పే పడితరం దిట్టం. పేరు, కొలత, అక్కడే చేసి చేసి చెయ్యి తిరిగిన మనుషులు, ఈ మూడూ ఉన్నప్పుడు ఆ చోటును వర్క్‌షాప్ అనడానికి ఇంకేం కావాలి?

పట్నాల్లో కార్ఖానా అన్నారు. అది పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. కార్ అంటే పని, ఖానా అంటే ఇల్లు, అచ్చంగా వర్క్‌షాపే. సికింద్రాబాదులో ఒక పేట పేరే కార్ఖానా. కాకపోతే ఇప్పుడు ఆ మాట కొంచెం పెద్దదైపోయింది, ఫ్యాక్టరీ అనిపిస్తుంది. ఫ్యాక్టరీకి, వర్క్‌షాప్‌కు గీత ఎక్కడ అంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోటైతే పది మంది, కరెంటు లేకపోతే ఇరవై మంది పనివాళ్ళు అని లెక్క పెట్టింది. చట్టానికి తలల లెక్క సరిపోతుంది. నాకు మాత్రం ఇంకో తేడా కనబడుతుంది, అది తర్వాత చెబుతాను.

సంస్కృతంలో వెతికితే ఒక మంచి మాట దొరికింది. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులో "ఆవేశనం శిల్పిశాలా" అని ఉంది. ఆవేశనం అంటే శిల్పులు, అంటే చేతిపనివాళ్ళు, కూర్చుని పనిచేసే శాల. ఇప్పుడు మనం ఆవేశం అంటే కోపం, ఊపు అనుకుంటాం, కానీ మూలంలో ఉన్నది లోపలికి ప్రవేశించడం. ఇది పుస్తకాల్లోనే మిగిలిన మాట కూడా కాదు. సాంచీ స్తూపం దక్షిణ తోరణం మీద ఒక చిన్న శాసనం ఉంది, సిరి సాతకణి రాజుగారి ఆవేసని, వాసిఠి కొడుకు ఆనందుడు ఇచ్చిన దానం అని. సాతకణి అంటే మన శాతవాహన రాజే. ఆవేసని అంటే ఆ ఆవేశనానికి పెద్ద, ఇప్పటి మాటల్లో చెప్పాలంటే వర్క్‌షాప్ ఫోర్‌మన్. రెండు వేల ఏళ్ళ కిందట ఒక ఫోర్‌మన్ రాతి మీద తన పేరు, అమ్మ పేరు, తన ఉద్యోగం చెక్కించుకున్నాడు. నేను ఆ ఉద్యోగమే చేసి రిటైరయ్యాను. మొదటిసారి ఆ సంగతి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, ఇప్పుడు చెబుతుంటే కూడా గొంతు పట్టేస్తోంది, ఒక్క నిమిషం ఆగుతాను.

(చప్పట్లు)

సరే. ఆ తేడా ఏదో తర్వాత చెబుతానన్నాను కదా, దానికి నా క్లాసులోకి తీసుకెళ్తాను. మొదటి ఏడాది పిల్లవాడు ఫిట్టింగ్‌కు, అంటే ఇనుప ముక్కలు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చునేలా చేత్తో చేసే పనికి వస్తాడు. వాడికి రెండు ఇనుప బిళ్ళలు ఇస్తాం, ఒక్కోటి 50 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం. ఒకదాంట్లో ఇంగ్లీషు వి ఆకారంలో గాడి కొయ్యాలి, రెండోదాన్ని ఆ గాడిలో కూర్చునే ముక్కుగా చెయ్యాలి. వినడానికి ఇంతే. ముందు ఆకురాయితో అంచులు చదును చెయ్యాలి. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు నొక్కితే పళ్ళు అరగడం తప్ప ఏమీ జరగదు. ఇది నేను మొదటి గంటలోనే చెబుతాను. ఒక్కడికీ ఎక్కదు. మూడో రోజుకు అరిచేతిలో బొబ్బ లేచాక దానంతట అదే ఎక్కుతుంది. సుద్ద పూసి, గీత గీసి, చుక్కల పంచ్ కొట్టి, రంపంతో కోసి, మూడు మూలల ఆకురాయితో గాడి సరిచేసి, రెండు బిళ్ళలూ కలిపి నా దగ్గరికి తెస్తాడు. నేను ఏమీ మాట్లాడను. రెండూ కలిపి పట్టుకుని కిటికీ వైపు ఎత్తుతాను. మధ్యలోంచి వెలుతురు గీతలా కనబడుతుంది. వాడికీ కనబడుతుంది, వాడి వెనక నిలబడ్డ పదిమందికీ కనబడుతుంది. తిట్టాల్సిన పని లేదు, మార్కులు వెయ్యాల్సిన పని కూడా లేదు. వాడు ఆ బిళ్ళ తీసుకుని మళ్ళీ దాన్ని బిగించే వైసు దగ్గరికి పోతాడు.

నా లెక్కలో వర్క్‌షాప్ అంటే అది. తప్పు కంటికి కనబడాలి, అదీ వస్తువు ఇంకా చేతిలో ఉండగానే, పక్కవాళ్ళ ముందర. ఫ్యాక్టరీలో తప్పు చివరికి ఎవరో వేరే మనిషి తనిఖీలో బయటపడుతుంది, చేసినవాడికి అది ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఉపన్యాసంలో అయితే తప్పు బయటపడే దారే లేదు, నేను ఇప్పుడు చెబుతున్నదాంట్లో మీకు ఏం అర్థమైందో, ఏం కాలేదో నాకు తెలిసే మార్గమేముంది?

శెట్టిపల్లి షాపులో ఒకసారి పిల్లలను తీసుకెళ్ళి చూపించాను. మనం ఎక్కి తిరిగే రైలు పెట్టెను అక్కడ నిర్ణీత కాలానికి ఒకసారి మొత్తం విప్పేస్తారు. పెట్టెను పైకెత్తి, కింద చక్రాలున్న చట్రాలను (రైల్వేవాళ్ళు వాటినే బోగీలంటారు) లాగేసి, ఆ చక్రాలు ఒక వైపు, బ్రేకులు ఒక వైపు, సీట్లు ఒక వైపు వెళ్ళిపోతాయి. చక్రాల ఇరుసుకు అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు, లోపల కంటికి కనబడని పగులు ఉంటే ఆ మిషను తెర మీద కనబడుతుంది. మా పిల్లల్లో ఒకడు అడిగాడు, "అంతా విప్పకపోతే ఏమవుతాది సార్?" అని. అక్కడి మేస్త్రీ "ఏం కాదు నాయనా, తప్పు మాకు బదులు ప్యాసింజర్‌కి కనబడతాది" అన్నాడు.

శ్రీకాళహస్తి మనకు ఎంతో దూరం లేదు, కలంకారీ చేసే ఇంటికి ఎప్పుడైనా వెళ్ళారా? ఎంతమంది వెళ్ళారు, చేతులెత్తండి... అయ్యో, పది మంది కూడా లేరే. ఒక్కసారి వెళ్ళండమ్మా, చూసి తీరాల్సిందే. గంజి పోయేలా ఉతికిన బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. పాలలో వెన్న ఉంటుంది కాబట్టి రంగు గీత దాటి పాకదు. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. కలం అంటే వెదురుపుల్లకు కొంచెం పైన గుడ్డ గానీ ఉన్ని గానీ చుట్టి దారంతో కట్టినది, రంగులో ముంచి, ఆ చుట్టను వేళ్ళతో నొక్కుతూ గీస్తారు. నల్లరంగు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసిమి అంటారు. ఇందులో గొప్ప ఏంటంటే, ఆ కసిమి కుండలో నల్లగా ఉండదు. పలచగా, మురికినీళ్ళలాగా ఉంటుంది. కలం బట్టకు తగిలాక, బట్టలో ఉన్న కరక్కాయ వగరు, కసిమిలో ఉన్న ఇనుము కలిసి, మన కళ్ళముందరే గీత నల్లబడుతుంది. నేను నిలబడి చూశాను. ఒకామె వినాయకుడి తొండం గీస్తోంది, ఆమె చెయ్యి ముందు పోతుంటే వెనక నలుపు తరుముకుంటూ వస్తోంది. చెరిపే వీలు లేదు. ఆమె పక్కన పదేళ్ళ మనవరాలు ఒక చిన్న గుడ్డముక్క మీద ఆకులు గీస్తోంది, అవ్వ అప్పుడప్పుడు వంగి చూసి, మాట్లాడకుండా ఆ పిల్ల వేళ్ళను కలం మీద కొంచెం పైకి జరుపుతోంది. ఆ పాఠానికి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

ఈ పని దాదాపు పోయే స్థితికి వచ్చినప్పుడు, 1950ల చివర్లో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ లాంటివాళ్ళ పట్టుదలతో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు. పాతతరం చేతుల్లో మిగిలిన పని అట్లా కొత్తవాళ్ళ చేతుల్లోకి వచ్చింది. మన తిరుపతిలోనే 1960 నుంచి టీటీడీ శిల్ప విద్యాసంస్థ ఉంది, రాయి, లోహం, చెక్క, సుధ (అంటే గార బొమ్మల) పనులు నేర్పుతారు. లోపలికి అడుగుపెడితే ఉలి చప్పుడే ముందు పలకరిస్తుంది.

ఇంక మీటింగు అనే అర్థం ఎట్లా వచ్చిందో చెప్పి ముగిస్తాను. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జార్జ్ పియర్స్ బేకర్ అనే ప్రొఫెసర్ నాటకం రాయడం నేర్పేవాడు. క్లాసు నంబరు 47. పిల్లలు రాసిన నాటకాలు కాగితం మీదే ఉండిపోతే లాభం లేదని, వాటిని స్టేజీ ఎక్కించి చూడటానికి 1910ల మొదట్లో ఒక బృందం పెట్టాడు. దాని పేరు 47 వర్క్‌షాప్. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఊరికే చప్పట్లు కొట్టి పోవడం కాదు, ఏది బాగుంది, ఏది బాగాలేదు అని రాసి ఇవ్వాలి. అంటే కిటికీ వైపు ఎత్తి చూడటమే. పెద్ద నాటక రచయితగా పేరు తెచ్చుకున్న యూజీన్ ఓనీల్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. తర్వాత 1936లో అమెరికాలోనే ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టీచర్లకు ఒక వేసవి వర్క్‌షాప్ పెట్టారు. అవును, మీలాంటి టీచర్లకే. అప్పటిదాకా సెలవుల్లో టీచర్లను పిలిచి ఉపన్యాసాలు చెప్పి పంపేవాళ్ళు. ఆ వేసవిలో అట్లా కాదు, మీ క్లాసులో మీకొచ్చిన ఇబ్బంది ఏదో అది పట్టుకుని రండి, ఇక్కడ కూర్చుని దాని మీద పని చేద్దాం అన్నారు. వర్క్‌షాప్ అంటే కలిసి కూర్చుని పనిచేసే సమావేశం అనే అర్థం ఇట్లాంటి చోట్లనుంచే ప్రపంచమంతా పాకింది. అంటే ఉపన్యాసం వద్దనుకున్నవాళ్ళు ఎంచుకున్న మాట ఇది.

అందుకే నాకు బాధ. ఒక కాలేజీలో జాతీయ వర్క్‌షాప్ అని పిలిస్తే వెళ్ళాను, పేరెందుకులెండి. ఫౌండ్రీ మీద, అంటే కరిగించిన లోహాన్ని అచ్చులో పోసే పని మీద. ఫైలు, పెన్ను, మెడలో ట్యాగు ఇచ్చారు. మొదటి రోజు జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పేసరికి పన్నెండున్నర. రెండు రోజులూ తెర మీద స్లైడ్లే. ఇసుక గురించి మూడు ఉపన్యాసాలు విన్నాను, పిడికెడు ఇసుక ముట్టుకోలేదు. ఆ కాలేజీ ఫౌండ్రీ షెడ్డు సెమినార్ హాలుకు యాభై అడుగుల దూరంలో ఉంది, తాళం వేసి ఉంది. నా పక్కన నెల్లూరు నుంచి వచ్చిన ఒక చిన్న మేష్టారు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, నాతో "సార్, ఇసుకలో తేమ ఎంత ఉండాలో చేత్తో పిండి చూస్తే తెలుస్తుందంటారు కదా, అదొక్కటి నేర్చుకుందామని వచ్చాను" అన్నాడు. సాయంత్రం ఆ పిల్లవాడికి సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. నేను అతన్ని బస్టాండుకు పోయే దారిలో ఇల్లు కడుతున్న చోట ఆపి, ఇసుక తడిపి, పిడికిట్లో పిండి, వేళ్ళ అచ్చు ఎట్లా పడాలో, మధ్యకు విరిస్తే అంచు ఎట్లా నిలవాలో చూపించాను. అది అచ్చు పోసే ఇసుక కాదు, అందులో మట్టి ఉండదు, సరిగ్గా నిలబడలేదు. అయినా మా ఇద్దరి వర్క్‌షాప్ అక్కడ పావుగంట జరిగింది.

సభ అనండి, సదస్సు అనండి, ఉపన్యాసం అనండి, అవన్నీ మంచి మాటలే, వాటి మర్యాద వాటికుంది. వినడం కూడా పనే. కానీ చేతులు కట్టుకుని కూర్చోబెట్టి దానికి వర్క్‌షాప్ అని పేరు పెడితే, డ్యూటీ వేసి పంపిన టీచరుకు అన్యాయం, ఆమె బడిలో మూడు రోజులు టీచరు లేకుండా కూర్చున్న పిల్లలకు ఇంకా అన్యాయం.

(సభలోంచి ఒకరు: సార్, మరి తెలుగులో ఏమనాలి? కార్యశాల అనొచ్చా?)

మంచి ప్రశ్నమ్మా. కార్యశాల హిందీలో బాగా వాడుతున్నారు, తెలుగు ఆహ్వానపత్రికల్లో కూడా వేస్తున్నారు. తప్పు కాదు. కాకపోతే మన ఇళ్ళల్లో కార్యం అంటే ఏంటి? పెళ్ళి, శోభనం, లేకపోతే దినం. మా అమ్మకు కార్యశాల అని చెబితే ఎవరింట్లో ఏం జరిగిందోనని కంగారుపడేది. ఆవేశనం నాకు ఇష్టమే గానీ, ఆవేశన సభ అని బ్యానరు కడితే జనం గొడవేదో జరుగుతోందని అనుకుంటారు. వర్క్‌షాప్ అనే ఉంచండి. మన స్కూటర్ మెకానిక్‌కు కూడా తెలిసిన మాట, అది ఆ మాటకున్న బలం. పక్కింటాయన బండికేమైందని అడిగాడు చూడండి, ఆ ప్రశ్న సరైన ప్రశ్న. ఏదో ఒకటి చెడిపోయింది, బాగుచెయ్యడానికి పోతున్నారు అనుకున్నాడు. మీరు కూడా బళ్ళో ఏదో ఒకటి సరిగ్గా నడవకపోతేనే కదా ఇక్కడికి రావాల్సింది? ఒకరికి మూడో తరగతిలో భిన్నాలు ఎక్కకపోవచ్చు, ఇంకొకరికి ఒత్తులు పలకడం రాకపోవచ్చు. అదేంటో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇప్పుడే.

వెనక గదిలో అట్టలు, కత్తెరలు, చింతగింజలు, తాటాకులు, బంకమట్టి పెట్టించాను. కత్తెరలు పన్నెండే ఉన్నాయి, ముగ్గురికి ఒకటి వస్తుంది. భిన్నాలవాళ్ళు కిటికీ పక్క బల్ల తీసుకోండి, అక్కడ వెలుతురు బాగుంటుంది. చేసింది చేసినట్టు సాయంత్రం నాలుగింటికి బల్లమీద పెట్టాలి, సగంలో ఉన్నా సరే. పక్క బడి నుంచి పది మంది పిల్లలు వస్తారు, వాళ్ళ చేతికిచ్చి చూద్దాం. రండి, లేవండి.